జాగిలపు తల్లి: వంశమా, పనితనమా?

ఇంగ్లండు దేశమున నక్కవేటకై పెంచబడిన జాగిలముల చరిత్రను పరిశీలించినచో, ఏ ఆడుజాగిలమును తల్లిగా ఎన్నుకొనవలెనను ప్రశ్నయే ఆ జాతి నిర్మాణమునకు మూలమై యుండుట గోచరించును. మగజాగిలమును పొరుగుశాలనుండి ఎరువు తెచ్చుకొనవచ్చును. కాని దాదాపు 63 దినములు గర్భమున మోసి, పాలిచ్చి సాకు తల్లి తన శాలలోనిదే కావలెను. దాని గుణదోషములు మందయంతటికిని ప్రాకును.

లింకన్‌షైరునందలి బ్రాకిల్స్‌బీ శాలవారు 1746 నుండియే తమ జాగిలముల వంశక్రమమును వ్రాసి భద్రపరచిరి. 1753లో లీస్టర్‌షైరున క్వార్న్ మందకు అధిపతియైన హ్యూగో మెయినెల్, వాసన పట్టుటయందును వేగమునందును మేటియైన వానిని ఏరి జతకూర్చెను. దగ్గరనే డిష్లీలో రాబర్ట్ బేక్‌వెల్ గొఱ్ఱెల విషయమున అనుసరించిన మార్గమును ఇట్టిదే. ఆనాడు వంశావళి యనగా వేటలో చూచిన పనికి వ్రాసియుంచిన సాక్ష్యము. అంతకు మించి వేరొకటి కాదు.

1866లో నక్కజాగిలముల వంశగ్రంథము అచ్చుపడెను. 1878లో పీటర్‌బరో ప్రదర్శన ఆరంభమయ్యెను. పిదప పేరునకును రూపునకును ఆదరము హెచ్చి, లావైన ఎముకయు ముడుచుకొన్న పాదమును అందమని యెంచబడిన కొలది, బహుమతులందిన జాగిలములు పొలమున బరువుగా నడువసాగెను. అప్పుడు చెప్‌స్టో ప్రాంతమున సర్ ఎడ్వర్డ్ కర్ అనునాతడు, ఆ వంశగ్రంథమున చోటులేని వేల్సు జాగిలముల రక్తమును ఇంగ్లీషు జాగిలములతో కలిపి, కంఠమును ఘ్రాణశక్తియు చురుకుదనమును గల తెల్లని మందను సాధించెను. ప్రదర్శనశాల మెచ్చనిదానిని పొలము మెచ్చెను. తరువాతి పెంపకందార్లు ఆ రక్తమునకై వెదకుకొనిరి.

అట్లని వంశావళి నిరర్థకమని తలపరాదు. ఒక్క జాగిలపు ప్రతిభ యాదృచ్ఛికము కావచ్చును. తల్లియు, అమ్మమ్మయు, తోడబుట్టినవియు అట్లే పనిచేసినవని తెలిసినప్పుడే అది స్థిరమైన గుణమని నమ్మవచ్చును. అయినను తొలియేటి ఉత్సాహమును చూచి తొందరపడక, కనీసము రెండు వేటకాలములు దానిని వెన్నంటి గమనించి, వాసన తప్పినచోట మరల పట్టినదా, వ్యర్థముగా మొరిగినదా, సాయంకాలమునకును అలయక పరుగిడినదా యని విచారించిన పిమ్మటనే దానిని తల్లిని చేయవలెను. వంశపత్రము పరీక్షకు పిలుచు ఆహ్వానము మాత్రమే. తీర్పు చెప్పవలసినది పొలము.