ఎపిడ్యూరల్ మత్తుమందుల పరీక్షలో జంతు నమూనాలు

వెన్నుపామును చుట్టి ఉండే డ్యూరా పొరకూ, వెన్నుపూసల లోపలి గోడకూ నడుమ కొవ్వు, సిరలు నిండిన ఇరుకు చోటే ఎపిడ్యూరల్ ప్రదేశం. కాన్పు నొప్పులు తగ్గించడానికీ, నడుము కింది ఆపరేషన్లకూ అక్కడ ఎక్కించే లిగ్నోకైన్, బుపివకైన్, రోపివకైన్ వంటి మందుల పనితీరునూ హానినీ ఎలుకలు, కుందేళ్లు, కుక్కలు, గొర్రెల్లో పరీక్షించారు.

ఈ చరిత్ర కుక్కతోనే మొదలైంది. 1885లో న్యూయార్క్ వైద్యుడు జేమ్స్ లియొనార్డ్ కార్నింగ్ ఒక కుక్క వెన్నుపూసల ముళ్ల మధ్య కొకైన్ ఎక్కించాడు. కొద్ది నిమిషాల్లో వెనక కాళ్లు పట్టుతప్పాయి, ముందు కాళ్లు మామూలుగానే ఉన్నాయి. 1901లో పారిస్‌లో ఫెర్నాండ్ కాథెలిన్ కుక్కలకు తోక మొదలు వైపు నుంచి మందు ఇచ్చి, మోతాదునూ ఎక్కించే వేగాన్నీ బట్టి అది పైకి పాకుతుందని చూపాడు.

ఏ జంతువూ మనిషికి పూర్తిగా సాటిరాదు. ఎలుకలో ఆ చోటు ఎంత ఇరుకంటే, మందు ఎక్కించే సన్నని గొట్టమే (కాథెటర్) వెన్నుపామును నొక్కేయవచ్చు. అందుకే ఉత్త సెలైన్ ఎక్కించిన జట్టు లేని ప్రయోగాన్ని నమ్మలేం. మనిషి వెన్నుపాము మొదటి, రెండో నడుము పూసల దగ్గర ముగిస్తే, కుక్కలో అది ఆరు, ఏడో పూసల దాకా దిగుతుంది. చూడి గొర్రెలో తల్లి రక్తాన్నీ కడుపులోని పిల్ల రక్తాన్నీ ఒకేసారి పరీక్షించవచ్చు. బుపివకైన్ గుండెను ఆపేస్తోందని 1979లో హెచ్చరిక వెలువడ్డాక ఈ నమూనాకు ప్రాధాన్యం పెరిగింది.

కొలవడంలోనూ చిక్కుంది. ఎలుక తోకపై వేడి కాంతి పడేలా చేసి, ఎన్ని సెకన్లకు తోక విదిలిస్తుందో చూస్తారు. తోక కాలకుండా గడువు దాటగానే దీపం ఆర్పేస్తారు. విదల్చకపోతే నొప్పి తెలియలేదనా, కండరం చచ్చుబడిందనా? తేల్చాలంటే మందు సోకిన తోకనే గిల్లి, మందు సోకని తల వైపు చూడాలి. జంతువు మెడ తిప్పినా, కీచుమన్నా నొప్పి తెలిసినట్టే.

ప్రయోగాన్ని ఎలా అమర్చామన్నది ఫలితాన్ని ఎంతగా మారుస్తుందో క్లోరోప్రొకైన్ అనే మరో మత్తుమందు ఉదంతం చెబుతుంది. 1980ల మొదట్లో, ఎపిడ్యూరల్ కోసం ఉద్దేశించిన పెద్ద మోతాదు పొరపాటున డ్యూరా లోపలి ద్రవంలోకి చేరి కొందరు రోగుల కాళ్లు శాశ్వతంగా దెబ్బతిన్నాయి. 1984లో కుందేళ్లపై జరిగిన అధ్యయనం తప్పును మందు మీద కాక, పాడవకుండా అందులో కలిపిన సోడియం బైసల్ఫైట్ మీద, ద్రావణపు ఆమ్లత్వం మీద మోపింది. ఆ తీర్పు చాలాకాలం నిలిచింది. 2004లో ఎలుకలపై చేసిన పరీక్షలో మాత్రం క్లోరోప్రొకైనే నరాలను దెబ్బతీసింది, బైసల్ఫైట్ ఆ నష్టాన్ని తగ్గించినట్టు కనబడింది. రెండు ప్రయోగాల్లోనూ జంతువు, మోతాదు వేరు కాబట్టి ఒకదాన్ని చూపి రెండోదాన్ని కొట్టిపారేయడం సరికాదు. ప్రిజర్వేటివ్ కలపని క్లోరోప్రొకైన్‌ను తక్కువ మోతాదులో వెన్నులోకి ఇవ్వడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో అనుమతించింది.