చదువుకిచ్చిన పొలం

చెన్నై శివారు అంబత్తూరు ఒకప్పుడు చెరువు కింద వరి పండిన ఊరు. 1960లలో పారిశ్రామికవాడ వెలిశాక ఆ పొలాల జ్ఞాపకమే మిగిలింది. అదే చెన్నపట్నంలో, సైదాపేటలో, వ్యవసాయాన్ని బడిలో నేర్పాలన్న తొలి ప్రయత్నం జరిగిందని ఈ తరానికి అంతగా తెలియదు. 1860లలో గవర్నర్ విలియం డెనిసన్ అక్కడ ప్రయోగ క్షేత్రం పెట్టించి, ఇంగ్లండు నుంచి ఆవిరి నాగళ్లు తెప్పించాడు. మన మడులకు అవి పనికిరాలేదు. 1868లో పాఠశాల మొదలైంది. అది పెరిగి కళాశాలై, 1906 నాటికి కోయంబత్తూరు చేరింది. 1945లో బాపట్లలో కళాశాల తెరిచేదాకా తెలుగు జిల్లాల కుర్రాళ్లు వ్యవసాయ పట్టా కోసం అంత దూరం వెళ్లాల్సి వచ్చేది.

సైదాపేటకు లోపించినదేమిటో అమెరికాను చూస్తే తెలుస్తుంది. 1862 జూలై 2న లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం, కాంగ్రెసులో ఒక్కో సభ్యుడికి 30,000 ఎకరాల లెక్కన రాష్ట్రాలకు భూమి ఇచ్చింది. అది అమ్మగా వచ్చిన నిధి మీది రాబడితో సేద్యం, యంత్రవిద్య నేర్పే కళాశాలలు నడపాలి. ఆ భూమి ఆదివాసీ తెగల నుంచి లాక్కున్నది. ఈ మాట దాచి ఆ చట్టాన్ని పొగడకూడదు. 1887లో పరిశోధన కేంద్రాలు, 1914లో రైతు ముంగిటికి వెళ్లే విస్తరణ సేవ తోడయ్యాయి. బోధన, పరిశోధన, విస్తరణ మూడూ విశ్వవిద్యాలయం చేతిలోనే ఉండటం ఆ వ్యవస్థ బలం.

మన దేశంలో రాధాకృష్ణన్ కమిషన్ 1949లోనే గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలంది. అమెరికా నమూనాలో 1960లో పంత్‌నగర్, 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చాయి. రెండోదానికి కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం చేయూతనిచ్చింది. బాపట్ల కళాశాల దాని గూటికి చేరింది. 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, బాపట్లలో రూపుదిద్దుకున్నదే. తమిళనాట దాన్నే ఆంధ్రా పొన్ని అంటారు. ఒకనాడు విద్యార్థులను పంపిన నేల తర్వాత విత్తనం పంపింది!

విస్తరణ మాత్రం మన దగ్గర ప్రధానంగా వ్యవసాయ శాఖ చేతిలోనే ఉండిపోయింది. శాస్త్రవేత్త ఒక దారిన, గ్రామ అధికారి ఒక దారిన నడిచారు. మధ్యలో నష్టపోయింది రైతు. జిల్లాల్లో విశ్వవిద్యాలయం పెట్టిన ఏరువాక కేంద్రాలు ఆ దూరాన్ని కొంత తగ్గించాయి. ఆ పని పూర్తి కాలేదన్నదే నా అభిప్రాయం.

1996లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి.రంగా పేరు పెట్టారు. 2014లో రాష్ట్రంతోపాటు అదీ విడిపోయింది. రంగా పేరు గుంటూరు దగ్గరి లాంకు వెళ్లింది, రాజేంద్రనగర్‌కు ప్రొఫెసర్ జయశంకర్ పేరు వచ్చింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం కొత్త హైకోర్టు కోసం రాజేంద్రనగర్‌లో 100 ఎకరాలు కేటాయించింది. అవి విశ్వవిద్యాలయ భూములని, ప్రయోగాలకు కావాలని విద్యార్థులు ఆందోళన చేశారు. న్యాయస్థానానికి చోటు కావలసిందే. కానీ పంటల ప్రయోగం ఏళ్ల తరబడి ఒకే నేల మీద సాగితేనే ఫలితం తేలుతుంది. కోర్టు భవనాన్ని మరోచోట కట్టుకోవచ్చు. ఏళ్లుగా లెక్కలు రాసి పెంచిన మట్టిని మరోచోటికి మోసుకెళ్లలేం.