‘అప్పల’ నామములు

శ్రీకాకుళ, విజయనగర జిల్లాలలో మనుష్యనామములను పరిశీలించువారికి అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ అను పేర్లు అడుగడుగున కానవచ్చును. వీని కెల్ల మూలము సింహాచల వరాహలక్ష్మీనృసింహస్వామియే. ఆలయము విశాఖపట్టణ జిల్లాలోనిదైనను, దాని అనువంశిక ధర్మకర్తలు విజయనగరపు పూసపాటివారు.

అచ్చటి శాసనములలో ప్రాచీనమైనది క్రీ.శ. 1098-99 నాటిది. శాసనములలో స్వామి నరసింహుడు. జనుల నోట అప్పన్న. ఈ రెండవ పేరే బిడ్డలకు సంక్రమించుట గమనింపదగినది. ‘అప్ప’ ద్రావిడభాషలలో తండ్రికి వాచకము. ఈ ప్రాంతమున అక్కనుగూడ అప్ప యందురు. ‘అన్న’ యర్థము స్పష్టమే. అనగా దేవుని బంధువుగా పిలిచిన పిలుపిది. ‘అప్పల’ యనుదానిని గౌరవబహువచనమగు ‘అప్పలు’ శబ్దముయొక్క షష్ఠీరూపముగా గ్రహించుట మాకు సమంజసముగ తోచుచున్నది. వాడుకలో ‘అప్పల్నాయుడు’ అనియు వినబడును. కథకులు అట్టాడ అప్పల్నాయుడుగారి పేరు ఆ రూపముననే ప్రసిద్ధము.

సంతానార్థము మ్రొక్కుకొన్నవారు బిడ్డకు స్వామిపేరుంచి, కొండపై పుట్టువెంట్రుకలు తీయింతురు. క్షేత్రనామమే బిడ్డపేరగుటయు కలదు. ‘సింహాచలం’ స్త్రీయో పురుషుడో పేరునుబట్టి చెప్పజాలము. విజయనగర గ్రామదేవత పైడితల్లి పేరును మగవారు ధరింతురు; బొబ్బిలి లోక్‌సభ సభ్యులుగా నుండిన కొండపల్లి పైడితల్లినాయుడుగారు ఇందుకు సాక్ష్యము. అరసవల్లిని తలపించు సూర్యనారాయణ నామము ఆంధ్రదేశమంతట కలదు గనుక దానివలన ఊరు తెలియదు. శ్రీకూర్మమునుండి వచ్చిన కూర్మారావు, కూర్మినాయుడు అట్లు కాదు. వినగానే ఉత్తరాంధ్రమని పోల్చవచ్చును.

నేటి శిశువులకు ఈ పేర్లుంచుట అరుదైనది. నాటుపేరని బడిలో హేళన చేయుదురను సంకోచ మొక కారణము. సినిమాల ప్రభావము మరియొకటి. అయినను మ్రొక్కును, తాతపేరును విడువజాలని గృహస్థులు ‘అప్పల’ పదమును పేరు నడుమ నిలిపి, వ్యవహారమున ఒక్క పొడియక్షరముగా కుదించుచున్నారు. పిలుచుటకై పుట్టిన పేరు పిలువబడకుండుట విచిత్రము!

సముద్రము దాటినచోట దీని గతి వేరు. 1860 మొదలు 1911 వరకు ఒప్పందకూలీలుగా దక్షిణాఫ్రికాలోని నటాలునకు పోయిన తెలుగువారిలో నాటి గంజాము, విశాఖపట్టణ జిల్లాలవారును గలరు. దొరతనమువారి పట్టికలలో తండ్రి యొంటిపేరు సంతతికి ఇంటిపేరైనది. అప్పన్న యను పేరు కర్ణాటకమునందును గలదు కాన దానిని సింహాచలమునకే ముడిపెట్టరాదు. కాని అచ్చట వంశనామములుగా నిలిచిన అప్పల్సామి, అప్పల్రాజు అను రూపముల విషయమున మాకు సందేహము లేదు. తెలుగు మరచిన మునిమనుమలు సైతము ఆ పేరుతోనే చేవ్రాలు చేయుచున్నారు.