చక్కెర కాంతిమాపనం: బోధన్ చెరకు సీమ

చెరకు రసంలో చక్కెర ఎంత ఉందో వెలుగు సాయంతో తేల్చే పద్ధతిని చక్కెర కాంతిమాపనం అంటారు. బెల్లం వండేవాళ్లకు దీని అవసరం పడలేదు. రసం రుచి, పాకం కట్టే తీరు చూసి చెప్పేసేవారు. పొద్దస్తమానం చెరకు ఆడే మిల్లుకు ఆ అంచనా చాలదు. నిజామాబాద్ జిల్లాలో అలాంటి మిల్లు బోధన్‌లో వెలిసింది.

మంజీర నదిపై 1923లో మొదలైన నిజాంసాగర్ ప్రాజెక్టు 1931కి పూర్తయింది. కాలువ నీళ్లు పారాక కోస్తా జిల్లాల నుంచి రైతులు తరలివచ్చి స్థిరపడ్డారు. పేరు చివర ‘క్యాంపు’ అని ఉన్న ఊళ్లు ఆ వలస గుర్తులే. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. దాని చుట్టూ పెరిగిన కాలనీ శక్కర్‌నగర్. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర కర్మాగారమని దానికి పేరు.

చక్కెర ల్యాబులకు ఆధారమైన సూత్రం అప్పటికే నూరేళ్ల పాతది. ఒకే తలంలో కంపించే కాంతిని ధ్రువిత కాంతి అంటారు. అది పంచదార నీళ్ల గుండా వెళితే ఆ తలం కుడివైపు తిరుగుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ బాప్టిస్ట్ బియో 1815లో గమనించాడు. చక్కెర పెరిగితే మలుపూ పెరుగుతుంది. 1840ల నాటికి ఈ మలుపును కొలిచే పరికరాలు యూరప్‌లో బీట్ చక్కెర వ్యాపారానికి అందాయి. దేశదేశాల కొలతలు ఒకదానితో ఒకటి పొసగేలా చూడటానికి 1897లో ఇకుమ్సా అనే అంతర్జాతీయ సంఘం పుట్టింది. 26 గ్రాముల స్వచ్ఛమైన చక్కెరను 100 మిల్లీలీటర్ల ద్రావణంగా చేసి, 20 సెంటీమీటర్ల గొట్టంలో పోసి, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చూస్తే వచ్చే మలుపే నేటి ప్రమాణం. సోడియం పసుపు దీపపు కాంతిలో అది దాదాపు 34.6 డిగ్రీలు. దాన్నే స్కేలుపై 100గా గుర్తిస్తారు. ఈ రీడింగుకు మిల్లు భాషలో ‘పోల్’ అని పేరు. నిజామాబాద్ ఎండల్లో 20 డిగ్రీలు ఊరికే దొరకవు కాబట్టి ఉష్ణోగ్రతకు తగ్గ సవరణ తప్పదు.

పోల్ అంటే అచ్చంగా చక్కెర అనుకోకూడదు. కొట్టిన చెరకు ఎండలో ఆలస్యమైతే సుక్రోజు విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. ఫ్రక్టోజు కాంతిని ఎడమకు బలంగా తిప్పుతుంది గనుక ఆ మిశ్రమం మొత్తంగా ఎడమకే తిరుగుతుంది. ఈ తలకిందుల మార్పునే ‘ఇన్వర్షన్’ అంటారు. మిల్లు గేటు ముందు బండ్లు బారులు తీరిన కొద్దీ నష్టం రెండు విధాలు: చక్కెర తగ్గుతుంది, ఉన్నదాన్ని కూడా రీడింగు తక్కువ చేసి చూపుతుంది.

మురికి రసంలోంచి వెలుగు దూరదు. అందుకని చాలాకాలం సీసపు లవణాలు కలిపి, మడ్డి పేరుకున్నాక వడగట్టి చూసేవారు. సీసం విషం. కంటికి కనబడని సమీప పరారుణ కాంతితో పనిచేసే పోలారిమీటర్లు వచ్చాక దాని అవసరం తగ్గింది. ముదురు రంగు రసం ఆ కాంతిని అంతగా అడ్డుకోదు.

పొలానికి చేరిన పరికరం వేరు, అది చేతి రిఫ్రాక్టోమీటరు. రెండు చుక్కల రసం గాజుపై వేసి వెలుతురుకు ఎత్తి చూస్తే, వక్రీభవనాన్ని బట్టి బ్రిక్స్ తెలుస్తుంది. బ్రిక్స్ అంటే రసంలో కరిగి ఉన్న పదార్థమంతా, చక్కెర ఒక్కటే కాదు. మొదటి గనుపుల్లోనూ కొస గనుపుల్లోనూ అది దాదాపు సమానమైతే చెరకు పక్వానికి వచ్చినట్టే. రుద్రూర్‌లోని చెరకు, వరి పరిశోధన కేంద్రం వంటి చోట్ల కొత్త వంగడాల విలువ తేల్చడానికి కావలసినవీ ఈ లెక్కలే.

ధరకూ కాంతికీ ఉన్న ముడి తిన్ననైనది కాదు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు కింద కేంద్రం ప్రకటించే ధర రికవరీని, అంటే వంద టన్నుల చెరకుకు ఎన్ని టన్నుల చక్కెర వచ్చిందన్న లెక్కను బట్టి పెరుగుతుంది. 2022–23 సీజనుకు ప్రాతిపదిక రికవరీ 10.25 శాతం. కానీ రికవరీ మిల్లు మొత్తానికి సగటు. తీపి చెరకు తెచ్చిన రైతుకూ, చప్పటి చెరకు తెచ్చిన రైతుకూ టన్నుకు అదే రేటు. పిప్పిలో, మడ్డిలో, మొలాసిస్‌లో పోయిన చక్కెరను పోల్‌తోనే లెక్క కడతారు. కాటా ముల్లును రైతు తన కళ్లతో చూడగలడు. ల్యాబ్‌లోని పోల్ రీడింగు అలా కనబడేది కాదు, రికవరీ తగ్గిన ఏడు అనుమానాలు రేగడానికి ఇదొక కారణం.

2002లో కర్మాగారంలో 51 శాతం వాటా ప్రైవేటు సంస్థ చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించడంతో బోధన్‌లో క్రషింగ్ ఆగింది. ఆ సీమలో చెరకు చేలు చాలామటుకు వరికి మారాయి.