పాత గ్రాఫిక్స్ కార్డులు, కొత్త ఆటలు: హైదరాబాద్

కొత్తగా వచ్చిన కంప్యూటర్ ఆట పాత గ్రాఫిక్స్ కార్డు మీద తెరుచుకోకపోవడం, తెరుచుకున్నా బొమ్మ చెదిరిపోవడం వ్యక్తిగత కంప్యూటర్ల చరిత్రలో మొదటి నుంచీ ఉన్న సమస్య. కార్డు బలం చాలక ఆట నత్తనడక నడవడం వేరు, కావలసిన సామర్థ్యం కార్డులోనే లేక ఆట మొరాయించడం వేరు. ఈ వ్యాసం ప్రధానంగా రెండోదాని గురించి. హైదరాబాద్‌లో కార్డుల కొనుగోళ్లకు, మార్పిళ్లకు పేరుపడ్డ చోటు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. వాడుకలో సీటీసీ. మొఘల్‌పురా, శాలిబండ వంటి పాతబస్తీ పేటల నుంచి మూసీ దాటి, ట్యాంక్‌బండ్ మీదుగా అక్కడికి వెళ్లాలి.

తొలి దశ

విండోస్ ఆటలు కార్డుతో పనిచేయించుకునే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ డైరెక్ట్ఎక్స్ 1995లో వచ్చింది. మరుసటి ఏడాది 3డీఎఫ్ఎక్స్ సంస్థ వూడూ కార్డును, దానికే ప్రత్యేకమైన గ్లైడ్ అనే ప్రోగ్రామింగ్ వ్యవస్థను తెచ్చింది. 2000 డిసెంబరులో ఆ సంస్థ ఆస్తులను కొనడానికి ఎన్విడియా ఒప్పందం చేసుకున్నాక గ్లైడ్ మీదే ఆధారపడ్డ ఆటలు దిక్కులేనివయ్యాయి.

షేడర్ల కాలం, 2002–2007

పిక్సెల్ రంగును, వెలుగునీడలను ఆట రచయితే చిన్న ప్రోగ్రాముతో నిర్ణయించే పద్ధతిని షేడర్ అంటారు. 2001లో వచ్చిన ఎన్విడియా కార్డు జీఫోర్స్ 3లో ఇది ఉంది. 2002 ఫిబ్రవరిలో వచ్చిన జీఫోర్స్ 4 ఎంఎక్స్‌లో పిక్సెల్ షేడర్ లేదు. పేరులో 4 ఉన్నా లోపలి నిర్మాణం చాలావరకు జీఫోర్స్ 2 నాటిదే. చవక కావడంతో ఎంఎక్స్ 440 విపరీతంగా అమ్ముడుపోయింది. 2003 చివర్లో వచ్చిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ద శాండ్స్ ఆఫ్ టైమ్’ ఈ కార్డును ఒప్పుకోలేదు. కొత్త పేరున్న కార్డు కొన్నవారు బయటే ఉండిపోతే, ఏడాది పాత జీఫోర్స్ 3 ఉన్నవారు ఆడుకున్నారు. 2004 నాటి ‘డూమ్ 3’ మాత్రం ఎంఎక్స్‌ను వదిలేయకుండా దానికోసం వేరే దారి రాసుకుంది. మెచ్చుకోదగిన శ్రద్ధ.

2005లో ‘బ్యాటిల్‌ఫీల్డ్ 2’ పిక్సెల్ షేడర్ 1.4 అడిగింది. జీఫోర్స్ 4 టీఐ వంటి ఖరీదైన కార్డు 1.3 దగ్గరే ఆగిపోగా, అంతకుముందే, 2001లోనే వచ్చిన పోటీ సంస్థ కార్డు రేడియాన్ 8500లో 1.4 ఉంది. వేగంలో గెలిచిన కార్డు అర్హతలో ఓడిపోయింది.

అసెంబుల్డ్ కంప్యూటర్లు కొన్న ఇళ్లలో, గల్లీ ఇంటర్నెట్ సెంటర్లలో చాలాచోట్ల కార్డే ఉండేది కాదు. మదర్‌బోర్డులోని ‘ఆన్‌బోర్డ్’ గ్రాఫిక్సే ఆధారం. ఇంటెల్ 845జీ, 865జీ చిప్‌సెట్లకు షేడర్లు తెలియవు. 2004 నాటి 915జీలో పిక్సెల్ షేడర్ 2.0 వచ్చినా, వెర్టెక్స్ పని, అంటే ఆకారాల మూలల లెక్క, ప్రాసెసర్ మీదే పడేది. ‘కౌంటర్ స్ట్రైక్ 1.6’ ఇలాంటి యంత్రాల మీద నిలిచిందంటే, కార్డు లేకున్నా ప్రాసెసర్‌తోనే బొమ్మ గీసే సాఫ్ట్‌వేర్ మోడ్ అందులో ఉండటం ఒక కారణం.

మిగతా ఆటలకు చిట్కాలు పుట్టాయి. ‘3డీ అనలైజ్’ అనే చిన్న ప్రోగ్రాము కార్డు గుర్తింపు సంఖ్యను మార్చి ఆటను నమ్మించేది. ఆట తెరుచుకునేది గాని నీళ్లు నల్లగా, గోడలు బోసిగా కనిపించేవి. 2005లో ట్రాన్స్‌గేమింగ్ తెచ్చిన స్విఫ్ట్‌షేడర్ ఇంకా నిజాయితీ గల పరిష్కారం: లేని షేడర్లను ప్రాసెసర్‌తోనే లెక్కకట్టించేది. వేగం నామమాత్రం, బొమ్మ మాత్రం సరైనది. తర్వాతి కాలంలో ఇది గూగుల్ క్రోమ్ బ్రౌజర్‌లోనూ చేరింది.

2007 ఆగస్టులో ‘బయోషాక్’ షేడర్ మోడల్ 3.0 తప్పనిసరి చేయడంతో 2004 నాటి మేటి కార్డు రేడియాన్ ఎక్స్800 మూడేళ్లకే పనికిరాకుండా పోయింది. అదే ఏడాది డైరెక్ట్ఎక్స్ 10ను మైక్రోసాఫ్ట్ విండోస్ విస్టాకే పరిమితం చేసింది. పాత విండోస్ ఎక్స్‌పీ వదలని వారికి కొత్త కార్డు కొన్నా ఫలితం సగమే.

డైరెక్ట్ఎక్స్ 10తో వచ్చిన జీఫోర్స్ 8800 జీటీఎక్స్‌కు హైదరాబాద్‌లో మరో ఉపయోగం దొరికింది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ఐటీకి చెందిన పవన్ హరీశ్, పి.జె. నారాయణన్ 2007లో ఆ కార్డు మీద కోటి శీర్షాలు (బిందువులు) ఉన్న గ్రాఫ్‌లో ఒక శీర్షం నుంచి మిగతావాటికి అతి దగ్గరి దారులను ఒకటిన్నర సెకన్లలో లెక్కించి చూపారు. ఆటల కోసం తయారైన కార్డుతో సాధించిన ఈ పనిని ఆ రంగంలో తరచూ ఉదహరిస్తుంటారు.

2010 తర్వాత

2010లో ‘జస్ట్ కాజ్ 2’ ఎక్స్‌పీని వదిలేసింది, 2015లో డైరెక్ట్ఎక్స్ 12 వచ్చింది.

ఆ దశాబ్దపు చవక కార్డుల్లో 2014 నాటి జీటీ 730 ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ఒకే పేరుతో రెండు తరాల చిప్‌లు అమ్మారు: ఫెర్మీ తరపు జీఎఫ్108, కెప్లర్ తరపు జీకే208. అట్టపెట్టె మీద మెమరీ వెడల్పు 128 బిట్ అని ఉంటే అది పాత ఫెర్మీ, 64 బిట్ అని ఉంటే కొత్త కెప్లర్. పెద్ద అంకె చూసి కొన్నవారు పాతది ఇంటికి తెచ్చుకున్నారు. ఫెర్మీకి డైరెక్ట్ఎక్స్ వంటి మరో వ్యవస్థ అయిన వల్కన్ ఎప్పుడూ రాలేదు, 2018 ఏప్రిల్‌తో ఆటల డ్రైవర్లూ ఆగిపోయాయి. కెప్లర్‌కు అవి 2021 దాకా అందాయి. సెకండ్ హ్యాండ్ కార్డు కొనేవారు కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రాము తెరిచి చిప్ పేరు చూడటం ఇందుకే. 2018లో చైనా మార్కెట్ కోసం వచ్చిన ఆర్ఎక్స్ 580 2048ఎస్‌పీ కూడా ఈ కోవలోదే, నిజానికి అది ఆర్ఎక్స్ 570తో సమానం.

రే ట్రేసింగ్ తర్వాత

2021లో ‘మెట్రో ఎక్సోడస్’ ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్, 2024 డిసెంబరులో ‘ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్’, 2025 మేలో ‘డూమ్: ద డార్క్ ఏజెస్’ వెలుగు కిరణాల దారిని లెక్కించి బొమ్మ గీసే రే ట్రేసింగ్ సామర్థ్యాన్ని తప్పనిసరి చేశాయి. 11 జీబీ మెమరీ ఉన్న జీటీఎక్స్ 1080 టీఐ ‘మెట్రో’ ఎడిషన్‌కు పనికిరాదు, 6 జీబీ ఆర్‌టీఎక్స్ 2060 పనికొస్తుంది. 2023 నాటి ‘అలన్ వేక్ 2’ ఆకారాలను కార్డు మీదే కూర్చే మెష్ షేడర్లు కోరినా, 2024 మార్చిలో వచ్చిన అప్‌డేట్‌తో జీటీఎక్స్ 10 శ్రేణి మీద కొంత మెరుగుపడింది. లినక్స్‌లో మెసా బృందపు ఆర్ఏడీవీ డ్రైవర్, ఆర్ఎక్స్ 5700 వంటి రేడియాన్ కార్డుల్లో లేని రే ట్రేసింగ్‌ను మామూలు షేడర్లతోనే లెక్కకట్టించి నడిపిస్తోంది.