క్రయోజెనిక్ ఇంజన్ వివాదం: సాంకేతిక నిరాకరణ వెనుక రాజనీతి

ద్రవ హైడ్రోజన్‌ను ద్రవ ఆక్సిజన్‌తో కలిపి మండించే రాకెట్ ఇంజన్‌ను క్రయోజెనిక్ ఇంజన్ అంటారు. హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర ద్రవరూపంలో ఉంటాయి. అంత చలిలో లోహాలు పెళుసుబారతాయి, సీళ్లు బిగుసుకుపోతాయి, పంపులు మాత్రం నిమిషానికి వేల చుట్లు తిరగాలి. ఇంత కష్టానికి ప్రతిఫలం ఒకటే: కిలో ఇంధనానికి వచ్చే నెట్టుడు బలం మిగతా రసాయనిక ఇంధనాలకన్నా బాగా ఎక్కువ. రెండు టన్నులకు పైబడిన సమాచార ఉపగ్రహాలను భూస్థిర కక్ష్య దారి పట్టించడానికి 1980ల చివర్లో ఇస్రో ఈ ఇంజన్‌నే ఎంచుకుంది. అప్పటికి ఈ విద్య అమెరికా, ఫ్రాన్స్, చైనా, జపాన్, సోవియట్ యూనియన్‌ల చేతిలోనే ఉంది.

అమెరికన్, యూరోపియన్ సంస్థలు అడిగిన ధరలు ఇస్రోకు అందుబాటులో లేవు. సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మాస్ అంతకన్నా చాలా తక్కువకు, పైగా పరిజ్ఞానంతో సహా ఇస్తానంది. 1991 జనవరి 18న ఒప్పందం కుదిరింది. ఇవ్వజూపిన కేవీడీ-1 ఇంజన్ సోవియట్ చంద్రయాత్ర పథకం కోసం రూపొందినది. ఆ పథకం మూలపడటంతో అది అక్కడ ఒక్కసారి కూడా ఎగరలేదు.

ఈ బేరానికి అడ్డొచ్చింది క్షిపణి సాంకేతికత నియంత్రణ వ్యవస్థ, ఎంటీసీఆర్. ఏడు పారిశ్రామిక దేశాలు 1987 ఏప్రిల్‌లో దీన్ని ఏర్పాటు చేసుకున్నాయి. 500 కిలోల బరువును 300 కిలోమీటర్ల దూరం మోయగల రాకెట్లు, వాటి దశలు ఇతరుల చేతికి వెళ్లకుండా చూడటం దీని ఉద్దేశం. ఇక్కడ గమనించాల్సింది, ఎంటీసీఆర్ అంతర్జాతీయ ఒడంబడిక కాదు. సభ్యదేశాలు తమలో తాము చేసుకున్న అవగాహన మాత్రమే. దాన్ని ఉల్లంఘించినవారిని శిక్షించే అధికారం ఏ అంతర్జాతీయ సంస్థకూ లేదు. శిక్ష అమెరికా దేశీయ చట్టం నుంచి వచ్చింది. 1990లో అమెరికన్ కాంగ్రెస్ తన ఎగుమతి చట్టాలకు చేసిన సవరణల ఆధారంగా 1992 మే 11న ఇస్రో, గ్లావ్‌కాస్మాస్‌లపై రెండేళ్ల ఆంక్షలు పడ్డాయి. అప్పటికి భారత్ గానీ, సోవియట్ యూనియన్ స్థానంలోకి వచ్చిన రష్యా గానీ ఎంటీసీఆర్‌లో సభ్యులు కావు. సంతకం పెట్టని నియమాన్ని మీరినందుకు, తమది కాని చట్టం కింద రెండు దేశాల సంస్థలు శిక్షకు గురయ్యాయి.

అమెరికా వాదన నైతికమైనది: రాకెట్ దశ ఎవరి చేతికి వెళ్లినా క్షిపణిగా మారవచ్చు. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. 1980 జులై 18న శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని మోసుకెళ్లిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ తొలి దశలోని ఘన ఇంధన మోటారే 1989 మేలో పరీక్షించిన అగ్ని క్షిపణికీ తొలి దశ అయింది. భారతీయ రచనలు కొన్ని ఈ సంగతిని చెప్పకుండా దాటేస్తాయి, అది సరికాదు. అయితే ఆ ఉదాహరణే అమెరికా వాదన ఎక్కడ తప్పిందో కూడా చూపిస్తుంది. క్షిపణికి పనికొచ్చింది ఘన ఇంధనం. సిద్ధంగా నిల్వ ఉండి, ఆజ్ఞ రాగానే లేవడమే దాని గుణం. ద్రవ హైడ్రోజన్‌ను రాకెట్‌లో నింపి ఉంచలేం. ప్రయోగానికి కొన్ని గంటల ముందు భారీ శీతలీకరణ ఏర్పాట్ల మధ్య నింపాలి. ఏ దేశమూ తన ఖండాంతర క్షిపణులను హైడ్రోజన్‌తో నడపడం లేదు. భారత్‌కు క్షిపణి కావాలనుకుంటే దానికి కావలసిన పరిజ్ఞానం అప్పటికే చేతిలో ఉంది. ఆపదలచింది ఒకటి, ఆపింది మరొకటి.

నియమం అందరికీ ఒకేలా పనిచేయలేదన్న విమర్శకు జపాన్ మంచి ఉదాహరణ. 1969 నాటి ఒప్పందం కింద అమెరికా తన థోర్-డెల్టా రాకెట్ల పరిజ్ఞానాన్ని జపాన్‌కు ఇచ్చింది. థోర్ పుట్టిందే మధ్యశ్రేణి క్షిపణిగా. జపాన్ మిత్రదేశం, అణ్వస్త్ర నిరోధక ఒప్పందంపై 1970లో సంతకం చేసిన దేశం. భారత్ ఆ రెండూ కాదు. కాబట్టి తేడా చూపడానికి కారణం లేకపోలేదు. కానీ ఆ కారణం ఇంజన్ స్వభావంలో లేదు, కొనుగోలుదారు రాజకీయ స్థానంలో ఉంది.

వివాదం ఎలా ముగిసిందో చూస్తే శక్తి పాత్ర ఇంకా స్పష్టమవుతుంది. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ కూలింది. ఆర్థికంగా కుదేలైన రష్యాలో అధ్యక్షుడు యెల్త్సిన్ ప్రభుత్వానికి అమెరికన్ సాయం, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో భాగస్వామ్యం, వాణిజ్య ఉపగ్రహ ప్రయోగాల మార్కెట్ కావాలి. 1993 జులైలో మాస్కో లొంగింది. పరిజ్ఞానం ఇవ్వబోమనీ, తయారైన దశలు మాత్రమే అమ్ముతామనీ ఒప్పుకుంది. ఆ సెప్టెంబరులో అమెరికా ఉపాధ్యక్షుడు గోర్, రష్యా ప్రధాని చెర్నోమిర్దిన్ అంతరిక్ష సహకారంపై సంతకాలు చేశారు. 1995లో రష్యా ఎంటీసీఆర్‌లో చేరింది.

భారత్‌లో దీని పర్యవసానాలు ఇరవై ఏళ్లు సాగాయి. 1994లో ఇస్రో సొంత క్రయోజెనిక్ దశ పథకాన్ని మొదలుపెట్టింది. క్రయోజెనిక్ విభాగానికి సారథ్యం వహించిన నంబి నారాయణన్ అదే ఏడాది చివర్లో గూఢచర్యం ఆరోపణపై అరెస్టయ్యారు. ఆ ఆరోపణ నిరాధారమని 1996లో సీబీఐ తేల్చింది, 2018లో సుప్రీంకోర్టు ఆయనకు 50 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. ఈలోగా బరువైన ఇన్‌శాట్ ఉపగ్రహాలు ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్ రాకెట్లపై వెళ్తూనే ఉన్నాయి. రష్యా దశతో తొలి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ 2001 ఏప్రిల్ 18న శ్రీహరికోట నుంచి లేచింది. దేశీయ దశతో 2010 ఏప్రిల్ 15న చేసిన మొదటి ప్రయత్నం ఇంధన బూస్టర్ టర్బోపంపు ఆగిపోవడంతో విఫలమైంది. 2014 జనవరి 5న దేశీయ దశతోనే జీఎస్‌ఎల్‌వీ-డీ5 జీశాట్-14 ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ ఇంజన్ల తయారీలో హైదరాబాద్‌కు చెందిన ఎంటార్ సంస్థకు పాత్ర ఉంది.

దీన్ని స్వావలంబన విజయగాథగా మాత్రమే చెప్పడం సగం నిజం. రష్యా దశలతో చేసిన ఆరు ప్రయోగాలు ఇస్రోకు పాఠశాలగా పనిచేశాయి; దేశీయ ఇంజన్ రూపకల్పనపై కేవీడీ-1 ముద్ర కనిపిస్తుంది. అలాగని నిరాకరణ ఫలించిందనీ అనలేం. అది భారత్‌ను ఆపలేదు, ఆలస్యం చేసింది. అణు, క్షిపణి వ్యాప్తి తగ్గిందా అంటే, అగ్ని శ్రేణి మాత్రం తర్వాతి ఏళ్లలో పెరుగుతూ వచ్చింది.

ఆంక్షలు విధించిన దేశం తీరు కూడా మారింది. 2025 జులై 30న నాసా, ఇస్రో కలిసి నిర్మించిన నిసార్ ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుంచి కక్ష్యలోకి చేర్చినది దేశీయ క్రయోజెనిక్ దశ ఉన్న జీఎస్‌ఎల్‌వీయే. మధ్యలో ఇంజన్ స్వభావం మారలేదు. భారత్, అమెరికాల పరస్పర అవసరం మారింది. 2016 జూన్ 27న భారత్ ఎంటీసీఆర్‌లో 35వ సభ్యదేశంగా చేరింది. ఏ దేశానికి ఏ రాకెట్ పరిజ్ఞానం ఇవ్వకూడదో ఆలోచించే సమావేశాల్లో ఇప్పుడు దానికీ ఓ కుర్చీ ఉంది.