చిన్న కమతం, చిన్న ట్రాక్టర్: పనిముట్టు ఎవరిది?
(భూమి – పనిముట్టు: 7వ భాగం)



గత భాగంలో అసైన్డ్ భూముల గురించి మాట్లాడుకున్నాం. ఆ భూమి చేతులు మారకుండా 1977 చట్టం అడ్డం నిలబడింది. మరి ఆ భూమిని దున్నేదెవరు? దేనితో? పట్టా మన పెట్టెలో ఉండి, దున్నే బండి వేరేవాడి కొట్టంలో ఉంటే ఆ సాగు ఎవరి చేతిలో ఉన్నట్టు?

బాబాసాహెబ్ ఈ లెక్క 1918లోనే వేశారు. భారతదేశంలోని చిన్న కమతాల మీద ఆ ఏడాది ఆయన రాసిన వ్యాసాన్ని విద్యార్థులు తప్పక చదవాలి. కమతాలు మరీ చిన్నవైపోయాయి, వాటిని కలిపేస్తే చాలని పెద్దలంతా అంటున్న రోజులవి. కమతం చాలుతుందా లేదా అన్నది ఎకరాలతో తేలదని, దాని మీద పెట్టే పెట్టుబడితో, పనిముట్లతో పోల్చి చూడాలని ఆయన వాదించారు. ఉన్న పనిముట్లతో చూస్తే మన కమతాలు చిన్నవి కావు, పెద్దవేనన్నారు. ఆయన చూపిన అసలు పరిష్కారం పరిశ్రమలు. దాని గురించి ఇంకో భాగంలో రాస్తాను. ఇక్కడ మనకు కావాల్సింది ఒక్క మాట: భూమి గురించి అడిగేటప్పుడు పనిముట్టు గురించి కూడా అడగాలి.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. ఎస్సీలది 0.78 హెక్టార్లు, అంటే రెండెకరాలు కూడా లేదు. ఇంత చెక్కకు సరిపోయే యంత్రం ఎలా పుట్టింది?

1917లో హెన్రీ ఫోర్డ్ ‘ఫోర్డ్‌సన్’ ట్రాక్టర్ తెచ్చాడు. చవక, తేలిక. కానీ నాగలిని వెనక కట్టి లాగేది. నాగలి రాయికో వేరుకో తగిలి ఆగిపోతే వెనక చక్రాలు కదలవు, ఇంజన్ ఆగదు. ముందుభాగం గాల్లోకి లేచి డ్రైవర్ మీదికి తిరగబడేది. ఐర్లండ్ రైతు కుటుంబంలో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. నాగలిని మూడు చోట్ల ట్రాక్టర్‌కే బిగించి, హైడ్రాలిక్స్‌తో ఎత్తీ దించీ నడిపాడు. నాగలి లాగుడు బరువే వెనక చక్రాలకు పట్టు ఇస్తుంది, పై లింకు ముందుభాగాన్ని లేవనివ్వదు. దాంతో బండి బరువు పెంచకుండానే చిన్న ట్రాక్టర్ పెద్ద పని చేసింది. 1946 నుంచి 1956 వరకు ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఆయన చిన్న బూడిదరంగు ట్రాక్టర్లు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. ఇవాళ మన ఊళ్లో ప్రతి ట్రాక్టర్ వెనక ఉండే ‘టాప్ లింక్’ ఆ తెలివే.

యంత్రం మంచిదైతే సరిపోదు. అమెరికా దక్షిణాదిని చూడండి. 1933లో పత్తి విస్తీర్ణం తగ్గించినందుకు ప్రభుత్వం డబ్బులిచ్చింది. ఎక్కువ డబ్బు భూస్వాముల చేతికే పోయింది. వాళ్లలో చాలామంది ఆ డబ్బుతో ట్రాక్టర్లు కొని, పాలుకు చేసుకుంటున్న నల్లజాతి కుటుంబాలను, పేద తెల్లవాళ్లను వెళ్లగొట్టారు. 1934లో అర్కాన్సాలో ఆ రెండు జాతుల కౌలుదార్లు కలిసి యూనియన్ పెట్టుకున్నది ఈ దెబ్బకే.

మన దగ్గర 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్, 1960లో మద్రాసులో టాఫే వచ్చాయి. 1974లో దుర్గాపూర్ ప్రభుత్వ పరిశోధనాశాల డిజైన్‌తో స్వరాజ్ వచ్చింది. బ్యాంకు అప్పుకు భూమి తాకట్టు కావాలి కాబట్టి భూమి ఉన్నవాడికే ట్రాక్టర్ వచ్చింది. మనవాళ్లకు దక్కింది డ్రైవర్ సీటు. మా నాన్న ఇరవై ఏళ్లు ఆ సీటు మీదే కూర్చున్నాడు. శబ్దం విని ఇంజన్ జబ్బు చెప్పేవాడు. ఆర్‌సీ మీద మాత్రం ఏనాడూ ఆయన పేరు లేదు.

2021లో తెలంగాణలో దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలు ఇవ్వడం మొదలైనప్పుడు చాలామంది ట్రాక్టర్ కోరుకున్నారంటే కారణం ఇదే. అందుకే ఇవాళ బండిని ఎంచుకోవడం, కాపాడుకోవడం కూడా మన రాజకీయమే.

ఎంచుకునేటప్పుడు ముందు పని రాసుకోండి, తర్వాత షోరూముకు పొండి. రెండెకరాలకు ఏడాదిలో ట్రాక్టర్ పని కొన్ని పదుల గంటలే. మిగతా గంటలు కిరాయికి తిరగాలి, లేదా నాలుగైదు కుటుంబాలు కలిసి వాడుకోవాలి. ఆ లెక్క తేలకుండా 50 హెచ్‌పీ బండి తెస్తే అది కిస్తీల కోసమే తిరుగుతుంది. కూరగాయలు, తోట, చిన్న మళ్లయితే 20-28 హెచ్‌పీ చాలు. దమ్ము చేసే నేలకు నాలుగు చక్రాలూ లాగేది మేలు. ఇంజన్ హెచ్‌పీ ఒకటే చూడొద్దు, రోటావేటర్‌ను తిప్పేది పీటీవో హెచ్‌పీ, అది అడగండి. రోటావేటర్ వెడల్పు దానికి తగ్గట్టే కొనండి. మెకానిక్, స్పేర్ పార్టులు మండలంలో దొరకని కంపెనీ బండి ఎంత చవకైనా వద్దు.

ఇక కాపాడుకోవడం. గంటల మీటర్ చూసి సర్వీసు చేయించాలి. ఎయిర్ క్లీనర్‌లో దుమ్ము, రేడియేటర్ జాలిలో పొట్టు ఉండనివ్వొద్దు. దమ్ము పని అయిన రోజే బురద కడగాలి. ఎండకూ వానకూ వదిలేయకుండా రేకుల పందిరన్నా వేయాలి.

బండికన్నా ముందు మనిషి. ఇరుక్కున్న బండిని లాగడానికి గొలుసు టాప్ లింక్‌కు, ఇరుసు పైన కట్టొద్దు. కింద డ్రాబార్‌కే కట్టాలి. లేకపోతే ఫోర్డ్‌సన్‌లాగే తిరగబడుతుంది. కేజ్‌వీల్స్‌తో గట్టు నిటారుగా ఎక్కించొద్దు. కొత్త ట్రాక్టర్లకు బోల్తా పడినా డ్రైవర్‌ను కాపాడే చట్రం ఉండాలని స్వీడన్ 1959లోనే చట్టం చేసింది. మనం కూడా ఆ చట్రం, సీటు బెల్టు కావాలని అడగాలి. ట్రాలీలో కూలీలను ఎక్కించొద్దు. బోల్తా పడితే చచ్చేది మన ఆడవాళ్లే. పరిహారం దగ్గర బీమా కంపెనీ మొదట పెట్టే పేచీ కూడా ఆ ప్రయాణం మీదే.

చివరిది కాగితం. మన పేరు మీద సబ్సిడీ, ఇంకొకడి ఇంటి ముందు బండి: ఇది మా మండలంలోనే చూశాను. ఆర్‌సీ, బీమా, అప్పు ఒప్పందం, కిస్తీ రసీదులు అసలు మనిషి చేతిలోనే ఉండాలి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తున్నా. సెలవులకు ఊరెళ్లినప్పుడు మన వాడలో ఎన్ని ట్రాక్టర్లున్నాయి, ఆర్‌సీలు ఎవరి పేర, నడిపేదెవరు, కిరాయి డబ్బు ఎవరికి పోతోంది, ఈ నాలుగూ నోట్‌బుక్‌లో రాయండి. మన భూమి చరిత్రలో ఈ పేజీ ఇంకా ఎవరూ రాయలేదు.

వచ్చే వారం: బోరు, కరెంటు, నీళ్లు.

జై భీమ్.